ముందు దరఖాస్తు, ఆ తర్వాతే వీడియో

పోయిన నెల ఇదే శీర్షికలో ఒక మాట అడిగాను. మీరు తయారుచేసిందో, మీరు రాసిందో, మీరు పెట్టుకున్న పేరో ఇంకెవరైనా వాడుకుంటుంటే రాయండి అని. వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ చదవడానికే నాకు రెండు ఆదివారాలు పట్టింది. దాదాపు అందరిదీ ఒకటే మాట, "పేటెంట్ తీసుకోవాలి మేడమ్". పచ్చళ్లు అమ్మే ఆవిడా అదే అంది, కథలు రాసే ఆవిడా అదే అంది, చీరలు నేసే ఆయనా అదే అన్నాడు. పేటెంట్ అనేది కొత్తగా కనిపెట్టిన యంత్రానికో, తయారీ పద్ధతికో ఇచ్చే హక్కు. పేరుకు పేటెంట్ ఉండదు, కథకూ ఉండదు. ఒక్కోదానికి ఒక్కో చట్టం, ఒక్కో కాగితం. కానీ అన్నిటిలోనూ చివరికి గొడవ తేలేది తేదీ దగ్గరే. ఎవరు ముందు? ఆ ముందు అన్నదానికి మీ చేతిలో రుజువుందా? కింది జవాబులన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

మాది గుంటూరు జిల్లా మేడమ్, వెల్డింగ్ షాపు. ఎండుమిరపకాయల తొడిమలు తీసే చిన్న మెషీన్ తయారుచేశాను. ఆడవాళ్లు రోజంతా కూర్చుని చేత్తో తీస్తుంటే చేతులు మండిపోతాయి, అది చూడలేక రెండేళ్లు కష్టపడ్డాను. నాలుగు నెలల కిందట మా అబ్బాయి వీడియో తీసి యూట్యూబ్‌లో పెడితే లక్షల మంది చూశారు. ఇప్పుడు పక్క జిల్లాలో ఒకాయన అచ్చం అలాంటిదే చేసి అమ్ముతున్నాడు. నాకిప్పుడు పేటెంట్ వస్తుందా?

అన్నా, మీ ఉత్తరం చదివి చాలాసేపు బాధపడ్డాను. ఉన్నదున్నట్టు చెబుతాను. పేటెంట్‌కు మొదటి షరతు కొత్తదనం. దరఖాస్తు వేసే రోజుకు ముందు ఆ సంగతి ప్రపంచంలో ఎక్కడా, ఏ రూపంలోనూ బయటికి వచ్చి ఉండకూడదు. మీరే బయటపెట్టినా సరే, అది మీకు అడ్డమే. అమెరికాలో అయితే సొంతంగా బయటపెట్టిన వాళ్లకు ఏడాది గడువిస్తారు. మన 1970 పేటెంట్ల చట్టంలోనూ 31వ సెక్షన్ కింద ఏడాది వెసులుబాటు ఉంది కానీ, అది కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్లు, శాస్త్ర సంఘాల ముందు చదివిన పత్రాలు, అలాంటి కొన్నిటికే. అబ్బాయి పెట్టిన యూట్యూబ్ వీడియో ఆ లెక్కలోకి రాదు.

అంతమాత్రాన దారి పూర్తిగా మూసుకుపోయిందని అనుకోకండి. ఒక పని చేయండి. కాగితం, పెన్ను పెట్టుకుని ఆ వీడియోను ఆపి ఆపి చూడండి. మూత పెట్టే తిప్పారా, తీసి తిప్పారా? రోలర్ల మధ్య సందు ఎంతో కనిపిస్తోందా? కాయ చితక్కుండా తొడిమ మాత్రమే ఊడిరావడానికి మీరు చేసిన అసలు కిటుకు ఏదో ఉంటుంది కదా, స్ప్రింగో, బ్లేడు వంపో, దాన్ని ఈ పని తెలిసిన ఇంకో మెకానిక్ వీడియో చూసి పట్టుకోగలడా? పట్టుకోలేడు అంటే ఆ భాగం ఇంకా బయటపడనట్టే లెక్క. మీరు మెషీన్లు ఎన్ని అమ్మారో రాయలేదు. అమ్మి ఉంటే మాత్రం కొన్నవాడు విప్పి చూడగలడు కాబట్టి అదీ బయటపెట్టినట్టే అవుతుంది. పొలంలోనో గోడౌన్‌లోనో ట్రయల్ వేయడం వేరు. నలుగురి మధ్య పెట్టి పరీక్షించక తప్పని యంత్రమైతే, దరఖాస్తుకు ముందు ఏడాది లోపల చేసిన ట్రయల్ వల్ల కొత్తదనం పోదని 32వ సెక్షన్ చెబుతోంది.

ఇంకో దారి కూడా ఉంది. వీడియో తర్వాత ఈ నాలుగు నెలల్లో మెషీన్‌కు ఏ మార్పూ చేయలేదా? మీలాంటి వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోరని నాకు తెలుసు. చేసిన మార్పు పైపైది కాకుండా పనితనంలో తేడా తెచ్చేదైతే ఆ మార్పుకు దరఖాస్తు వేయొచ్చు. దాన్ని మాత్రం దయచేసి ఎవరికీ చూపించకండి, మీ బావమరిదికి కూడా. ఇవాళే ఒక నోట్‌బుక్‌లో బొమ్మ గీసి, కొలతలు రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. అది దరఖాస్తుతో సమానం కాదు కానీ, రేపు ఎవడైనా మీ దగ్గరినుంచే ఎత్తుకెళ్లాడని చూపించాల్సి వస్తే పనికొస్తుంది.

దరఖాస్తు సంగతికొస్తే, పూర్తి వివరాలతో తయారుగా లేకపోయినా మొదట ప్రొవిజనల్ అప్లికేషన్ వేయొచ్చు. ఆ రోజు తేదీ మీ పేరున నమోదైపోతుంది. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో ఫీజు 1,600 రూపాయలే. అక్కణ్నుంచి 12 నెలల్లోపు పూర్తి వివరణ ఇవ్వాలి, ఇవ్వకపోతే అది రద్దయిపోతుంది. కానీ ప్రొవిజనల్ అంటే పేరుకు నాలుగు లైన్లు రాసి పడేయడం కాదు, అందులో రాయని దానికి ఆ తేదీ దక్కదు. తర్వాత ఆ దరఖాస్తును పరీక్షించమని పేటెంట్ ఆఫీసును విడిగా అడగాలి, వ్యక్తులకు 4,000 రూపాయలు. 2024 మార్చిలో నిబంధనలు మారాక కొత్త దరఖాస్తులకు ఇది 31 నెలల్లోపు అడగాలి, అంతకుముందు 48 నెలలు ఉండేది. చాలామంది ఇక్కడే మర్చిపోయి మొత్తం పోగొట్టుకుంటున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికి వస్తాయి, వెళ్లాల్సిన పనిలేదు. అసలు ఖర్చు ప్రభుత్వ ఫీజు కాదు, దరఖాస్తు రాసిపెట్టే పేటెంట్ ఏజెంట్ ఫీజు. పేటెంట్ వస్తే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు మీది, అయితే మూడో ఏడాది లెక్క నుంచి రెన్యువల్ ఫీజు కడుతూ ఉండాలి.

ఆ ఏజెంట్ ఫీజుకు భయపడి ఆగిపోకండి. మీలాంటి వాళ్ల కోసమే గుజరాత్‌లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉంది, కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కింద పనిచేస్తుంది. పెద్ద చదువులు లేకుండా సొంతంగా కనిపెట్టిన వాళ్ల తరఫున వాళ్లే పరిశీలించి పేటెంట్‌కు దరఖాస్తు వేయిస్తారు. హైదరాబాద్‌లో పల్లె సృజన అనే స్వచ్ఛంద సంస్థ కూడా ఊరూరా తిరిగి ఇలాంటి వాళ్లను వెతికి చేయి పట్టుకుంటోంది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి పేరు వినే ఉంటారు. పోచంపల్లి చీరకు ముందు చేసే ఆసు పని చూశారా ఎప్పుడైనా? అర్ధచంద్రాకారంలో మేకులు దిగ్గొట్టిన చెక్క ముందు కూర్చుని దారాన్ని ఒక్కో మేకు చుట్టూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలని చెబుతారు. వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు, దానికి అమ్మ పేరే పెట్టారు. 2011లో పేటెంట్, 2017లో పద్మశ్రీ. ఆయనా బడి చదువు మధ్యలో ఆపేసిన మనిషే అన్నా.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, మా బంధువు ఒకాయన డ్రిప్ పైపులు చుట్టే పరికరం చేసి జిల్లా స్థాయి ఎగ్జిబిషన్‌లో పెట్టి బహుమతి తీసుకున్నాడు. పేపర్లో ఫొటోతో సహా వచ్చింది. ఆ కటింగ్‌ను ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకున్నాడు. ఏడాదిన్నర తర్వాత పేటెంట్‌కు వేస్తే, పరీక్షించిన అధికారి అభ్యంతరం కింద పెట్టింది ఆ కటింగే. అందులో ఆయన పరికరం ఎలా పనిచేస్తుందో విలేకరికి పూసగుచ్చినట్టు చెప్పాడు మరి. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఆ ఫ్రేమ్ వైపు చూడలేకపోతాను.

ఎనిమిదేళ్లుగా ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నాను. పశ్చిమ గోదావరి. జీఎస్టీ ఉంది, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ ఉంది, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది. హైదరాబాద్‌లో ఎవరో మా పేరుతోనే, దాదాపు మా లేబుల్ రంగుల్లోనే అమ్ముతున్నారు. ఫోన్ చేస్తే "మేం ట్రేడ్‌మార్క్‌కు అప్లై చేశాం, మీరే పేరు మార్చుకోండి" అంటున్నారు. నిద్ర పట్టడం లేదు.

అమ్మా, ముందు టెన్షన్ తగ్గించుకోండి. మీ పరిస్థితి మీరు అనుకుంటున్నంత బలహీనంగా ఏం లేదు. (మీ బ్రాండ్ పేరు ఇక్కడ రాయడం లేదు, మీకే మంచిది.)

మీరు చెప్పిన మూడు కాగితాల్లో ఒక్కటి కూడా పేరు మీద హక్కు ఇవ్వదు. జీఎస్టీ పన్ను కోసం, ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆహార భద్రత కోసం, ఉద్యమ్ మీది చిన్న పరిశ్రమ అని చెప్పడం కోసం. కంపెనీ పెట్టి పేరు రిజిస్టర్ చేయించుకున్నా అంతే. పేరుకు రక్షణ ట్రేడ్‌మార్క్ ఒక్కటే. కానీ ఆ మూడు కాగితాల మీదా తేదీ ఉందమ్మా, మీ పేరుందమ్మా. అవే ఇప్పుడు మీ ఆయుధాలు.

1999 ట్రేడ్‌మార్క్‌ల చట్టంలో 34వ సెక్షన్ అని ఒకటుంది. ఎవరైనా రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నా సరే, వాళ్లు ఆ పేరు వాడకం మొదలుపెట్టడానికీ, దరఖాస్తు వేయడానికీ ముందు నుంచే మీరు ఆపకుండా వాడుతున్నట్టు చూపించగలిగితే మిమ్మల్ని ఆపలేరు. అంతేకాదు, మీ మంచిపేరును వాళ్లు వాడుకుని కొనేవాళ్లను మోసం చేస్తున్నారని మీరే కోర్టుకు వెళ్లొచ్చు, రిజిస్ట్రేషన్ లేకపోయినా. కాబట్టి ఇవాళ అటక మీదున్న పెట్టె దింపండి. లేబుళ్లు అచ్చు వేయించిన ప్రెస్ బిల్లులు, సీసాలు కొన్న బిల్లులు, అమెరికాకు పంపిన కొరియర్ రసీదులు, పాత ఫోన్‌లో ఉన్న ఆర్డర్ మెసేజ్‌లు, పండగకు పెట్టిన ఫేస్‌బుక్ పోస్టు, ఏదైనా సరే. మొదటి ఏడాదివి దొరికితే బంగారం. పాత లేబుల్ ఒక్కటైనా సీసాకు అతికించి ఉన్నది దాచి ఉంటే దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి, నూనె మరకలున్నా పర్వాలేదు.

తర్వాత రెండు పనులు. వాళ్ల దరఖాస్తు ఏ దశలో ఉందో ట్రేడ్‌మార్క్‌ల వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. వాళ్ల దరఖాస్తును ట్రేడ్‌మార్క్‌ల జర్నల్‌లో ప్రకటించిన తేదీ నుంచి నాలుగు నెలల్లోపు మీరు అభ్యంతరం వేయాలి. ఆ నాలుగు నెలలు దాటితే మళ్లీ పొడిగించరు. రిజిస్టర్ అయిపోయాక రద్దు చేయించడం సాధ్యమే కానీ, డబ్బూ కాలమూ చాలా ఎక్కువ పడతాయి. రెండోది, మీ సొంత దరఖాస్తు వెంటనే వేయండి. ఉద్యమ్ ఉన్న చిన్న వ్యాపారానికి ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి (అంటే ఒక్కో రకం సరుకులకు) 4,500 రూపాయలు, పెద్ద కంపెనీలకు అయితే 9,000. ఉద్యమ్ సర్టిఫికెట్ ఇక్కడ పనికొచ్చింది చూశారా! పచ్చళ్లు 29వ తరగతిలో వస్తాయి, కారప్పొడులూ మసాలాలూ 30లో. రెండూ అమ్ముతున్నారు కాబట్టి రెండిట్లోనూ వేయించండి. ఫలానా సంవత్సరం నుంచి వాడుతున్నామని అఫిడవిట్‌తో సహా పెట్టాలి. కొత్తగా పెట్టబోతున్నట్టు రాసేసే ఏజెంట్లు ఉన్నారు, అలా రాస్తే ఎనిమిదేళ్ల బలాన్ని మీ చేతులతో మీరే పారేసుకున్నట్టు.

మీ దరఖాస్తు మీద ట్రేడ్‌మార్క్ ఆఫీసు నుంచి అభ్యంతరాలతో రిపోర్టు వస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. అన్నీ అయ్యాక రిజిస్ట్రేషన్ పదేళ్లు ఉంటుంది, పదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ పోతే తరతరాలు నిలుస్తుంది. అప్పటిదాకా లేబుల్ మీద టీఎం అని వేసుకోవచ్చు. వృత్తంలో ఆర్ అక్షరం ఉండే గుర్తు మాత్రం రిజిస్టర్ కాకుండా వేయకండి, అది చట్టవిరుద్ధం, జరిమానా పడుతుంది. లేబుల్ గీసిన కుర్రాడి దగ్గర "ఈ బొమ్మ మీద హక్కులన్నీ ఫలానా వారికి ఇచ్చేశాను" అని ఒక కాగితం రాయించుకుని సంతకం తీసుకోండి, డబ్బులిచ్చాం కదా అని ఊరుకోవద్దు.

కొత్తగా వ్యాపారం పెట్టబోయే వాళ్లకు కూడా ఒక మాట. ఊరి పేరు, నది పేరు, రుచి, కమ్మన, అమ్మచేతి వంట లాంటి మాటలు వినడానికి బాగుంటాయి కానీ రక్షణ దొరకడం కష్టం. ఆ మాటలు అందరివీ. సరుకుతో సంబంధం లేని, మీరు కల్పించుకున్న పేరు ఎంత వింతగా ఉంటే అంత గట్టిది.

ఉత్తరం చివర మీ అమ్మమ్మ గోంగూర పచ్చడి పాళ్లకు పేటెంట్ గురించి అడిగారు. వద్దు. పేటెంట్ అంటే గుట్టు మొత్తం లోకానికి చెప్పి దానికి బదులు 20 ఏళ్ల హక్కు తీసుకోవడం. తరతరాలుగా వస్తున్న పాళ్లకు ఆ హక్కూ రాదు. వంట గుట్టును గుట్టుగానే ఉంచుకోవాలి. మన దేశంలో వ్యాపార రహస్యాలకు విడిగా చట్టం లేదు, రాసుకున్న ఒప్పందమే దిక్కు. పనివాళ్లతో బయట చెప్పబోమని కాగితం రాయించుకోండి, పొడి పాళ్లు మాత్రం మీరొక్కరే కలపండి.

వారపత్రికలో అచ్చయిన నా కథను ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్లు చదివి పెట్టారు. అడగలేదు. కామెంట్ పెడితే "మీ పేరు చెప్పాం కదా మేడమ్, మీకే ప్రచారం" అన్నారు. నేను కాపీరైట్ రిజిస్టర్ చేయించలేదు. నాకు హక్కుందా?

ఉంది. నూటికి నూరుపాళ్లు ఉంది. కథ కాగితం మీద పడిన క్షణం నుంచే కాపీరైట్ మీది. 1957 కాపీరైట్ చట్టంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని ఎక్కడా లేదు. చేయించుకుంటే సాక్ష్యంగా మంచిదే, కథలాంటి రచనకు ఫీజు 500 రూపాయలు. మీ కథ తేదీతో సహా పత్రికలో అచ్చయింది కాబట్టి సాక్ష్యం ఇప్పటికే మీ దగ్గరుంది.

పేరు చెప్పడం వేరు, అనుమతి తీసుకోవడం వేరు. పేరు చెప్పడం అనేది రచయితకు ఎలాగూ ఇవ్వాల్సిన గౌరవం, అది హక్కు కొనుక్కున్నట్టు కాదు. కథను గొంతుతో రికార్డు చేయడం, జనానికి వినిపించడం, ఇంకో భాషలోకి మార్చడం, నాటకంగా మలచడం, ఇవన్నీ రచయిత ఒప్పుకుంటేనే చేయాలి. దాని మీద ప్రకటనల డబ్బు వాళ్లకు వస్తోంది, రాత్రిళ్లు మేలుకుని రాసిన మీకు "ప్రచారం" వస్తోంది. ఇది నాకు ఎంతమాత్రం సరికాదనిపిస్తుంది. టెలిగ్రామ్ గ్రూపుల్లో నవలల పీడీఎఫ్‌లు పంచే వాళ్ల సంగతీ ఇదే. సాహిత్యసేవ అనుకుంటూ చేస్తున్నారు, బతికున్న రచయిత పుస్తకం అమ్ముడుపోకుండా చేస్తున్నారు.

మీరు చేయాల్సింది: వీడియో లింకు, ఛానెల్ పేరు, ఎన్ని వ్యూస్ ఉన్నాయో, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, ముందు ఇది. ఆ తర్వాతే ఫిర్యాదు, లేకపోతే వాళ్లు తీసేసి "మేమెప్పుడు పెట్టాం" అంటారు. యూట్యూబ్‌లోనే కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. మన చట్టం ప్రకారం కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు అందాక 36 గంటల్లో ఆ ప్లాట్‌ఫామ్ దాన్ని ఆపాలి, 21 రోజుల్లోపు మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరవొచ్చు. కావాలని చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఆ ముక్క ఒక మెయిల్‌లో మర్యాదగా రాసి పంపితే చాలాసార్లు అక్కడితోనే సర్దుకుంటుంది.

ఒక్కటి సరిచూసుకోండి. పత్రికకు మీరేమైనా సంతకం పెట్టిచ్చారా? హామీపత్రంలో సన్నటి అక్షరాల్లో ఏముందో చదవండి. హక్కు బదిలీ అంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే, ఏ దేశాలకో రాయకపోతే ఇండియాకే అని చట్టం రచయిత పక్షాన నిలబడింది. కాబట్టి "సర్వహక్కులూ శాశ్వతంగా" అని ఉన్న కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆడియో, వెబ్‌సిరీస్, సినిమా హక్కులు మీ దగ్గరే ఉంచుకుంటున్నట్టు ఒక లైను రాయండి. ఒప్పుకోకపోతే వాళ్లే చెబుతారు, అడగడంలో తప్పేం లేదు.

ఇదే విషయంలో అవతలి వైపు నుంచి కాకినాడ కుర్రాడు ఒకడు రాశాడు, సొంతంగా కథల ఛానెల్ పెట్టాలనుకుంటున్నాడు, పాత రచయితలవి చదవొచ్చా అని. అడిగావు చూడు తమ్ముడూ, అక్కడే నువ్వు మంచివాడివి. రచయిత చనిపోయిన సంవత్సరం ముగిశాక 60 ఏళ్ల దాకా హక్కు వారసులది. గురజాడ 1915లో పోయారు, నిశ్చింతగా చదువు. శ్రీశ్రీ పోయింది 1983లో, అంటే 2043 చివరిదాకా అనుమతి కావాలి. అనువాదమైతే అనువాదకుడికి విడిగా హక్కుంటుంది, అదీ చూసుకో.

సినిమా కథ "ఐడియా" కొట్టేశారని రాసిన నలుగురికీ కలిపి చెబుతున్నాను. ఐడియాకు కాపీరైట్ లేదు, దాన్ని మీరు సీన్లుగా, పాత్రలుగా, మాటలుగా ఎలా మలిచారో దానికే ఉంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి ఇది. ఆఫీసుల చుట్టూ తిరిగి నోటితో కథ చెప్పి రాకండి. పూర్తిగా రాసి, రిజిస్టర్ చేయించి, ఎవరికి పంపారో మెయిల్‌లో కనపడేలా పంపండి. మీకు మీరే రిజిస్టర్డ్ పోస్టు చేసుకుని కవరు విప్పకుండా దాచుకోవడం అనే పాత చిట్కాను నమ్ముకుని కూర్చోవద్దు.

పోచంపల్లి దగ్గర మగ్గం పని. నేనే కొత్త డిజైన్ గీసి, చిటికి కట్టి (రంగు అంటకుండా నూలుకు ముడులు వేసి), నెలరోజులు పడి నేసిన చీరను షోరూం వాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. నెల తిరక్కుండా అదే డిజైన్ ప్రింటు చీరగా 800కు బజార్లో ఉంది, పైగా పోచంపల్లి అని రాసి.

ఇందులో రెండు దొంగతనాలున్నాయి, రెండిటికీ వేర్వేరు మందు.

పోచంపల్లి అనే పేరు వాడటం మొదటిది. పోచంపల్లి ఇకత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకుకే ఆ పేరు దక్కడం) వచ్చింది, దేశంలో మొట్టమొదట గుర్తింపు పొందిన కొన్నిటిలో అదొకటి. ఆ పేరు అమ్ముకునేది, అద్దెకిచ్చేది కాదు, ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో నేసే వాళ్లందరిదీ. ప్రింటు గుడ్డను పోచంపల్లి అని అమ్మడం నేరం. కానీ మీరు అధీకృత వాడకందారుగా పేరు నమోదు చేయించుకున్నారా? చాలామంది నేతన్నలకు అలాంటిది ఒకటుందనే తెలియదు. గుర్తింపు సంఘం పేరు మీద ఉంటుంది, అందరూ అదే చాలనుకుంటారు. మీ పేరు కూడా చేరితేనే మీరు సొంతంగా ఆ గుర్తు వాడుకోగలరు, ఉల్లంఘన మీద కదలగలరు. ఫీజు 2020 నుంచి 10 రూపాయలే. సంఘం ద్వారా చెన్నైలోని జీఐ రిజిస్ట్రీకి పంపించండి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో గుర్తింపు వచ్చింది, బంగినపల్లి మామిడికి 2017లో, ఏటికొప్పాక బొమ్మలకూ కొండపల్లి బొమ్మలకూ ఉంది. అక్కడి వాళ్లందరికీ కూడా ఇదే మాట.

మీ డిజైన్ ఎత్తేయడం రెండోది. చట్టంలో ఇక్కడ ఒక మెలిక ఉంది. కాగితం మీద గీసిన బొమ్మకు కాపీరైట్ ఉంటుంది. కానీ డిజైన్ల చట్టం కింద నమోదు చేయదగ్గదాన్ని నమోదు చేయకుండా, ఆ బొమ్మతో వస్తువులు 50 కంటే ఎక్కువ తయారయ్యాయంటే ఆ కాపీరైట్ పోతుంది. పోయాక ఎవరైనా చేసుకోవచ్చు. అందుకని బాగా అమ్ముడవుతుందనిపించిన డిజైన్‌ను 2000 డిజైన్ల చట్టం కింద నమోదు చేయించండి, వ్యక్తులకు 1,000 రూపాయలు, మొదట పదేళ్లు, తర్వాత ఇంకో ఐదేళ్లు. షోరూంకు ఇవ్వకముందే, ఫొటో పెట్టకముందే. ఇక్కడా ఒకసారి బయటపడితే కొత్తదనం పోయినట్టే. వేసిన ప్రతి డిజైన్‌కూ వేయి రూపాయలు పెట్టమని నేను చెప్పను, మీకు కుదరదు కూడా. పండగ సీజన్‌కు దాచుకున్న రెండో మూడో డిజైన్లకు చేయించండి. షోరూం వాళ్లతో "దరఖాస్తు నంబరు చెప్పేదాకా ఫొటో పెట్టం" అని ముందే మాట తీసుకోండి.

చిన్న ప్రశ్నలు

*మా తాతగారి కీళ్లనొప్పుల నూనెకు పేటెంట్ (అనంతపురం):* తరతరాల నాటు వైద్యానికి పేటెంట్ ఇవ్వరు, పేటెంట్ల చట్టం 3(పి) సెక్షన్. అది మనకు మేలే. పసుపు గాయాలు మాన్పుతుందని 1995లో అమెరికాలో పేటెంట్ ఇస్తే, మన ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పాత గ్రంథాలూ 1953 నాటి ఒక వైద్యపత్రికలోని వ్యాసమూ చూపించి 1997లో రద్దు చేయించింది. మీరు నూనె పేరుకు ట్రేడ్‌మార్క్ వేయించుకోండి, అమ్మడానికి కావలసిన లైసెన్సులు తీసుకోండి.

*ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు రాసిన యాప్ నాదా, కంపెనీదా (హైదరాబాద్):* ఉద్యోగంలో భాగంగా రాస్తే కంపెనీది, కాకపోతే మీది. కానీ మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి, "ఉద్యోగ కాలంలో చేసిందంతా మాదే" అని రాయించుకునే కంపెనీలు చాలా ఉన్నాయి. కంపెనీ ల్యాప్‌టాప్ మీద ఒక్క లైను కూడా రాయకండి.

*ఇండియా పేటెంట్ అమెరికాలో చెల్లుతుందా (డాలస్):* చెల్లదు. ప్రపంచమంతటికీ ఒక్క పేటెంట్ అనేది లేదు. ఇక్కడ వేసిన తేదీ నుంచి 12 నెలల్లోపు పీసీటీ (పేటెంట్ల అంతర్జాతీయ ఒప్పందం) దరఖాస్తు వేస్తే ఈ తేదీ అక్కడా నిలబడుతుంది. పేరు కోసమైతే, ఒకే దరఖాస్తుతో చాలా దేశాల్లో ట్రేడ్‌మార్క్ అడిగే మాడ్రిడ్ పద్ధతిలో ఇక్కడి నుంచే వేయొచ్చు, 2013 నుంచి మనం అందులో ఉన్నాం.

*ఇంజినీరింగ్ ఫైనలియర్ ప్రాజెక్టు, వచ్చే గురువారం అందరి ముందు ప్రజెంటేషన్ (వరంగల్):* ఈ అమ్మాయి ఉత్తరానికి పత్రిక వచ్చేదాకా ఆగలేక ఫోన్ చేశాను. కాలేజీలో పేటెంట్ల లాంటి పనులు చూసే ఐపీ సెల్ ఉందా అని అడిగితే "బోర్డు ఉంది మేడమ్, ఎప్పుడూ వెళ్లలేదు" అంది. వెళ్లమన్నాను. హక్కు ఎవరిదో, కాలేజీదా పిల్లలదా, ముందు ఆ కాగితం చదవమన్నాను. నలుగురు పిల్లలు, ఒక మేడమ్ కూర్చుని రెండు రాత్రులు రాశారట. బుధవారం రాత్రి పదకొండున్నరకు ప్రొవిజనల్ దరఖాస్తు నంబరు స్క్రీన్‌షాట్ పంపింది. గురువారం ఉదయం ప్రజెంటేషన్ ఇచ్చేశారు, వీడియో కూడా తీసుకున్నారట.